ఊ కొట్టే నోటుపుస్తకం

ఈమధ్య గుడివాడలో ఒక కల్యాణమండపంలో జరిగిన సభకు వెళ్లాను. పిలిచినవాడు దగ్గరివాడు, తప్పలేదు. విషయం ‘జర్నలింగ్ ద్వారా ఆత్మజ్ఞానం’. గుమ్మంలోనే తలా ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టారు. అట్ట మీద తామరపువ్వు, మధ్యలో సిల్కు రిబ్బను, ప్రతి పేజీ నెత్తినా ‘ఈ రోజు నేను దేనికి కృతజ్ఞుణ్ణి?’ అని అచ్చు. వక్త బాగానే మాట్లాడాడు. రోజూ పొద్దున్నే లేవగానే మూడు పేజీలు రాయమన్నాడు. ఆగకుండా రాయాలి, దిద్దకూడదు, ఎవరికీ చూపించకూడదు. నలభై రోజులు గడిచేసరికి మీలో ఉన్న గురువు మీతో మాట్లాడటం మొదలుపెడతాడన్నాడు.

నా పక్కన కూర్చున్నాయన రొయ్యల చెరువుల రైతు. లేచి అడిగాడు: “ఇది ఎవరు చదువుతారండీ?”

“ఎవరూ చదవకూడదండి. అందులోనే ఉంది మహిమంతా.”

“మరి నేను తప్పు రాస్తే ఎవరు చెబుతారు?”

హాలంతా నవ్వింది. వక్త కూడా నవ్వి, ఇందులో తప్పొప్పులు ఉండవన్నాడు. రైతు కూర్చుంటూ నా చెవిలో, “తప్పు రాయడానికి వీల్లేని పుస్తకం నేనెక్కడా చూళ్లేదు మాస్టారూ” అన్నాడు. ఈ వ్యాసమంతా ఆ మాటకు వ్యాఖ్యానమే.

ముందు అవతలివాళ్ల వాదన ఉన్నదున్నట్టు చెప్పడం మర్యాద. మనిషి అడుగున అసలు ‘నేను’ ఒకటి ఉంటుందట. దాని మీద ఊరూ, ఇల్లూ, బడీ, ఉద్యోగం పోసిన బురద ఉంటుందట. రాస్తూ పోతే బురద అడుగుకు దిగి నీరు తేరుతుందట. ఈ పోలిక నాకు బాగా తెలిసిందే. కుళాయిలు రాకముందు డెల్టా ఊళ్లలో కాలవ నీళ్లే తాగేవాళ్లం. బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపి మూత పెడితే తెల్లారేసరికి అద్దంలా తేరేవి. అయితే అమ్మ ఒక మాట కచ్చితంగా చెప్పేది: బిందె కదపొద్దు. రోజూ తెల్లవారుజామున మూడు పేజీల కవ్వం పెట్టి చిలికే బిందె ఎప్పుడు తేరాలి?

ఈ పద్ధతి మన ఆత్మవిచారానికి కొత్త రూపమని ప్రచారం చేస్తున్నారు. నిజానికి దీని పుట్టుక అమెరికాలో. 1960లలో ఐరా ప్రొగాఫ్ అనే మనస్తత్వవేత్త జర్నల్ రాతను ఒక శిక్షణగా మార్చాడు. 1992లో జూలియా కామెరాన్ ‘ది ఆర్టిస్ట్స్ వే’ పుస్తకంలో పొద్దుటి మూడు పేజీల నియమం పెట్టింది. ఆవిడ ముందుగా చెప్పింది చెయ్యి ఆడని రచయితలకూ, కుంచె కదలని చిత్రకారులకూ. దాని మీద ఆధ్యాత్మికం పూత కూడా ఆవిడే వేసింది, కాదనను. చిలకలపూడి రోల్డ్‌గోల్డు నగలు చేసే బందరు పక్కన పుట్టి, పూత ఏదో లోహం ఏదో మనం పోల్చుకోలేకపోతే ఎలా?

“సైన్సు కూడా ఒప్పుకుంది కదా” అంటారు. ఏం ఒప్పుకుందో చూద్దాం. ఈ మాటకు ఆధారం జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగం. విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను కలచివేసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. మొత్తం కలిపితే ఒక్క గంట రాత. కొలిచింది ఆరోగ్యకేంద్రం గడప తొక్కిన సార్లు. అందులో ఆత్మ ఎక్కడుంది, గురువు ఎక్కడున్నాడు? ఆ తర్వాత ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి 2006లో జోవాన్ ఫ్రాటరోలి లెక్క కడితే సగటు ప్రభావం 0.075గా తేలింది, గరిష్ఠం 1 అయ్యే కొలమానం మీద. సున్నా కాదు, నిజమే. కాలవ శివారుకు చేరిన నీళ్లలాంటిది. ఉన్నాయంటే ఉన్నాయి, ఊడ్పుకు చాలవు.

ఇంకో అధ్యయనం సంగతి ఈ సభల్లో ఎవరూ ఎత్తరు. 2013లో డేవిడ్ స్బారా బృందం, కొత్తగా భార్య నుంచో భర్త నుంచో విడిపోయిన సుమారు 90 మందిని తీసుకుంది. కొందరిని లోతైన భావాలు రాయమంది. కొందరిని భావాల జోలికి పోకుండా ఆ రోజు ఏం చేశారో మాత్రం రాయమంది. జరిగినదానికి అర్థమేమిటా అని తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లలో, నెలల తర్వాత చూస్తే, ఎవరు తేరుకున్నారు? కూరా నారా, బజారూ పనీ రాసుకున్నవాళ్లు. గుండె విప్పి రాసుకున్నవాళ్లు వెనకబడ్డారు. జర్నల్ కొనేవాళ్లలో ఎక్కువమంది తవ్వుకునే స్వభావం వాళ్లే కదా! జ్వరం ఉన్నవాడికే ఎండలో నడక రాసిస్తున్నారన్నమాట.

లోపలికి చూస్తే నిజం కనిపిస్తుందన్న నమ్మకాన్ని గట్టిగా కుదిపింది రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్‌ల వ్యాసం. అది వచ్చింది 1977లో, మన దివిసీమ ఉప్పెన ఏడాదే. ఒక దుకాణంలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది మేలైనదో చెప్పమన్నారు. నాలుగూ ఒకటే సరుకు. మిగతా జతలకంటే కుడి చివర ఉన్నదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందన్నారు, మెత్తగా ఉందన్నారు. అది కుడివైపు ఉండబట్టి అన్నవాడు ఒక్కడూ లేడు. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. తమ లోపలికి నిజాయితీగానే చూసుకున్నారు, అక్కడ నేత కనిపించింది. వాళ్ల చేతిలో తామరపువ్వు నోటుపుస్తకం ఉంటే మూడు పేజీలు నేత గురించే రాసి ఉండేవాళ్లు.

ఇది నా అనుభవం కూడా. పాతికేళ్ల వయసులో నాలుగేళ్ల పాటు డైరీ రాశాను. అప్పట్లో మా అన్నయ్యకూ నాకూ పొలం గట్టు తగాదా. జానెడు గట్టు. ఆమధ్య ఆ డైరీలు తీసి చూశాను. గట్టు గురించి ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టడం అరవై దగ్గర మానేశాను. మొదటిసారి రాసినప్పుడు నాకు కాస్త అనుమానం ఉంది, గట్టు చెక్కింది నేనే అయి ఉంటానేమోనని. పదోసారికి అనుమానం లేదు. ముప్పయ్యోసారికి అన్నయ్య చిన్నప్పుడు నా గోళీలు కాజేసిన సంగతి కూడా సాక్ష్యానికి వచ్చింది. రాసిన ప్రతిసారీ నేను ఇంకాస్త మంచివాణ్ణయ్యాను. పుస్తకం ఒక్కసారీ “ఆగరా, ఆ ఏడు గట్టు వేసిందెవరు?” అనలేదు. కథ చెప్పేవాడికి ఊ కొట్టే పిల్లవాడిలా ప్రతి పేజీకీ ఊ కొట్టింది. చివరికి నా భార్యే, “రాసుకున్నది చాలు, బావగారిని వెళ్లి అడగండి” అంది. వెళ్లాను. అన్నయ్య కొలతాడు తెచ్చి ఒక కొస నా చేతికిచ్చాడు. కొలిచేసరికి చెక్కింది నేనే. నాలుగేళ్ల ఆత్మపరిశీలనలో దొరకనిది నులకతాడుతో అరగంటలో దొరికింది.

ఇక మన సంప్రదాయం పేరు చెప్పేవాళ్ల సంగతి. ఆ పేరు ఎత్తదలుచుకుంటే దూరం పోనక్కర్లేదు, బందరు చుట్టుపక్కలే ముగ్గురున్నారు. మొవ్వ క్షేత్రయ్యది. పదిహేడో శతాబ్దంలో ఆయన కట్టిన పదాల్లో ఆడమనిషి మనసు ఎన్ని మడతలు పడుతుందో తెలుగులో అంతకు ముందు ఎవరూ చూపలేదు. అలక, అనుమానం, సిగ్గు, లెక్కలేనితనం, పోయాక వచ్చే పశ్చాత్తాపం. లోపలి మనిషిని వెతికేవాడికి ఇంతకు మించిన గని లేదు. ఆ నాయిక ఎవరితో మాట్లాడుతుంది? సఖితో. లేదా ఎదురుగా నిలబెట్టిన మువ్వగోపాలుడితో. ఒంటరిగా మూల కూర్చుని తనలో తాను చెప్పుకోదు. సఖికి ఆమె గుట్టంతా తెలుసు. కాబట్టి సఖి ముందు నటన సాగదు. సాగదని తెలిసి కూడా నటించబోయి దొరికిపోవడంలోనే ఆ పదాల ప్రాణం ఉంది.

మొవ్వ మండలంలోనే కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేరు మీద వస్తున్న భామాకలాపంలో సత్యభామ రాసే లేఖ ప్రసిద్ధం. మన నాటకంలో ఒక స్త్రీ కూర్చుని తన మనసు రాతలో పెట్టే ఘట్టాలు చెప్పమంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. అది ఉత్తరం. చేరాల్సిన చెయ్యి ఒకటుంది. పైగా పక్కన మాధవి ఉంది. మొగుడి పేరు చెప్పమంటుంది, సిగ్గుపడితే వదలదు, ఊరికే ఉత్తరం మొయ్యనంటుంది, వేళాకోళమాడుతుంది. భామ గర్వం కరిగేది తన లోపలికి చూసుకుని కాదు. మాధవి ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పలేక. వేదాంతం సత్యనారాయణ శర్మ భామవేషాన్ని చూసినవాళ్లు ఇప్పటికీ ఆ జడ గురించి చెబుతారు గాని, నాకెప్పుడూ మాధవి మీదే కన్ను. ఆ వేషం లేకపోతే భామకు మిగిలేది నోటుపుస్తకమే.

మూడోవాడు దివిసీమ మనిషి. పెదప్రోలు కాసుల పురుషోత్తమకవి. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఉన్న ఆంధ్రమహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం చెప్పాడు. నూరు సీసాలకు పైగా దేవుణ్ణి దెప్పిపొడుపు. స్తుతి లోపల ఉంది, పైకి నింద. ఒక మనిషి తన దిగులునూ, నమ్మకాన్నీ, పౌరుషాన్నీ ఇంత బాహాటంగా వెళ్లగక్కిన రచనలు అరుదు. దాని పద్యాల చివర మకుటం ఉంది గమనించండి. ప్రతి పద్యమూ తిరిగి తిరిగి ఎదుటివాడి పేరు దగ్గరే ఆగాలి. నేను, నా బాధ అంటూ ఎంత దూరం పోయినా పద్యం ముగిసేసరికి ‘ఓయ్’ అని ఎదుటివాణ్ణి పిలవక తప్పదు. శతకం అనే ప్రక్రియ మొత్తం ఈ ఇరుసు మీదే తిరుగుతుంది. వక్తలు మన ప్రాచీన జర్నళ్లంటూ శతకాలను చూపిస్తే, వాళ్లు మకుటం దాకా చదవలేదని అర్థం.

డైరీలంటే నాకేమీ శత్రుత్వం లేదు. నా గొడవ వాటికి తగిలించిన ఆత్మజ్ఞానం బిళ్లతోనే. బందరుకు డైరీలు కొత్తవి కావు. 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద ఇంగ్లీషు వ్యాపారం బందరు రేవుకు వచ్చినప్పుడు అందులో ఉన్న పీటర్ ఫ్లోరిస్ తన ప్రయాణమంతా రాసి పెట్టుకున్నాడు. 1934లో హాక్లూట్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. 1614లో రావాల్సిన బాకీలు రావడం లేదని ఈయన బందరు పాలకాధికారి కొడుకును ఎత్తుకుపోయి ఓడలో కూర్చోబెట్టాడు. అదీ పుస్తకంలోకి ఎక్కింది. నాలుగేళ్లు రాసిన రాత అతనికి అంతర్వాణి ఏమీ వినిపించినట్టు లేదు. కాని మనకు ఆనాటి బందరు అద్దకపు బట్టల బేరాలూ, అప్పుల తిప్పలూ, అధికార్ల చేతివాటమూ మిగిలాయి. అతను బయటికి చూస్తూ రాయబట్టే అవి మిగిలాయి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగినప్పుడు, దారిపొడుగునా రాసినది కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు అందేది. అదే కాశీయాత్ర చరిత్ర. మజిలీలు, దూరాలు, దొరికే సరుకులు, మనుషుల ఆచారాలు. ‘నేనెవరు’ అని తలపట్టుకుని కూర్చోలేదు. అయినా పుస్తకం మూసేసరికి ఆ మనిషి సహనం, చాదస్తం, దయ మనకు తెలుస్తాయి. పట్టాభి సీతారామయ్య సంగతీ అంతే. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఈ డాక్టరు, 1942 తర్వాత అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా రాసుకున్నది ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ పేరుతో వచ్చింది. అదే కోటలో నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాసి, దాన్ని తోటి ఖైదీలకే అంకితమిచ్చాడు. గోడల మధ్య పడేసినా వాళ్లు ఒకరికొకరు ఎదురు చెప్పుకుంటూనే రాశారు.

నా పక్కన కూర్చున్న రైతు పుస్తకం గురించి చెప్పాలి. సభ అయ్యాక ఆయనతో చెరువు గట్టు మీదికి వెళ్లాను. షెడ్డులో మేకుకు వేలాడుతూ మేత మరకలు పడ్డ పుస్తకం. ఏ పూట ఎన్ని కిలోల మేత వేశారు, చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, కిలోకు కౌంట్ ఎంతకొచ్చింది. ఒక పేజీ చూపించాడు. “ఇక్కడ చూడండి. చెక్‌ట్రేలో మేత మిగిలిందని కుర్రాడు రాశాడు. పూటపూటకీ రాశాడు. నేను తగ్గించలా. రొయ్య తింటదిలే అన్న ఆశ. మూడోనాడు మబ్బు పట్టింది. తెల్లారేసరికి రొయ్యలు ఊపిరాడక తలలు పైకెత్తినయ్.” కాసేపాగి, “నాకు ఆశ ఎక్కువని మా ఆవిడ పాతికేళ్ల నుంచి అంటానే ఉంది. నమ్మలేదు. కుర్రాడి చేతిరాతలో చూశాక నమ్మా” అన్నాడు.

ఆ పుస్తకంలో ‘నేను’ అన్న మాటే లేదు. చెరువు ఒప్పుకోని అంకె అందులో నిలవదు. ఆయన రాసిందాన్ని కుర్రాడు చూస్తాడు, కుర్రాడు రాసిందాన్ని టెక్నీషియన్ చూస్తాడు, అందరు రాసిందాన్నీ పట్టుబడి రోజున కాటా చూస్తుంది.

నేను చెప్పినదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేస్తే నాది పిరికి వాదం అవుతుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్ల మాటేమిటి? అత్తింట్లో నోరెత్తలేని కోడలు. హాస్టల్లో ర్యాంకుల మధ్య నలిగే పిల్లవాడు. వీళ్లకు సఖీ లేదు, మాధవీ లేదు. అన్నయ్య కొలతాడు తేడు, గడకర్ర తెస్తాడు. వీళ్లకు ఒక పుస్తకం దాచుకునే చోటు ఇస్తుంది. నేను చదువు చెప్పే రోజుల్లో ఒక పిల్ల లెక్కల నోటు వెనక పేజీల్లో రాసుకునేది. నేను చూసీ చూడనట్టు దిద్ది ఇచ్చేవాణ్ణి. ఆ పేజీలు లాక్కునే హక్కు ఎవరికీ లేదు, నాకసలే లేదు. కాని ఆ పిల్లకు కావలసింది వినే మనిషి. పుస్తకం ఆ లోటును పూడ్చే తాత్కాలికమైన కట్ట మాత్రమే. గండి పడినచోట ఇసుక బస్తాలు వేస్తాం. వాటినే బ్యారేజీ అని ప్రారంభోత్సవం చేయం. ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంట్లో డైరీ రాసుకుంటూ దానికి కిట్టీ అని పేరు పెట్టుకుంది. పదమూడేళ్ల పిల్లకు తెలిసిపోయింది, ఎదుట ఎవరో ఒకరు లేకుండా మాట సాగదని. ఇదే ఆసరాను సిల్కు రిబ్బను కట్టి, ‘ఇక నీకు మనిషి అక్కర్లేదు, నీలోనే గురువున్నాడు’ అని అమ్మితే, ఆ కోడలికి చేసింది సాయం కాదు. ఆమె అత్తింటివాళ్లు కోరుకునేది కూడా అదే: బయట ఎవరితోనూ అనకు, లోపల సర్దుకో.

వినే మనిషి విలువ నాకు తెలిసింది నాగాయలంక వైపు. అక్కడ మూడేళ్లు పనిచేశాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి అక్కడ ఏం చేసిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. పోయినవాళ్లు పది వేలని ఒక లెక్క, అంతకు చాలా ఎక్కువని మరో లెక్క. ఆ ఊళ్లలో వయసు అడిగితే “ఉప్పెనకి నాకు ఏడేళ్లు” అంటారు. సాయంత్రం అరుగుల మీద ఆ కథ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. ఒకాయన తాడిచెట్టు పట్టుకుని బతికానని చెబుతుంటే, పక్కనాయన అందుకునేవాడు: “పట్టుకోలా, మీ చిన్నాన్న నిన్ను పంచెతో కట్టాడు. ఆయన పోయాడు.” మొదటాయన కాసేపు మాట్లాడేవాడు కాదు. మరుసటిసారి కథ చెప్పినప్పుడు పంచె వచ్చేది. ఆ తర్వాతిసారి చిన్నాన్న పేరు వచ్చేది. తన ప్రాణం ఎవరిదో ఆయనకు తెలియడానికి ఏళ్లు పట్టింది, పక్కన తెలిసినవాడు కూర్చోవలసి వచ్చింది. ఘోరం జరగ్గానే కొత్త మనిషి వచ్చి ఒక్క విడతలో మనసులోదంతా కక్కించడం వల్ల మేలు కనబడలేదని, కొన్నిచోట్ల కీడు కూడా జరిగిందని 2002లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. అరుగు మీది మాటకు అలాంటి తొందర లేదు.

ఆ ఉప్పెన తర్వాత సాయానికి మా నాన్న కూడా వెళ్లాడు. గుడివాడ దగ్గర మాకు మూడెకరాలు. ఆయనకు డైరీ అలవాటు లేదు, పద్దుల పుస్తకం ఉండేది. చిన్నప్పుడు ఆ పుస్తకం చూసి, ఈ మనిషికి లోపల ఏమీ ఉండదు కాబోలు అనుకునేవాణ్ణి. కాలవ నీళ్ల వంతు ఏ రాత్రి, కూలీలెందరు, మినుములు ఎన్ని కుంచాలు, కిరసనాయిలు ఎంత. గుడివాడ సభ నుంచి వచ్చిన రాత్రి అటక మీంచి దాన్ని దింపాను. 1977 నవంబరులో ఒక చోట ‘బియ్యం 2 బస్తాలు, పాత బట్టలు, లారీ. దివి వెళ్లాను’ అని ఉంది. ఆరు రోజుల దాకా ఖాళీ. ఏడో రోజు మళ్లీ కూలీలు, కిరసనాయిలు. ఏం చూశాడో ఒక్క ముక్క లేదు. మాకూ ఎప్పుడూ చెప్పలేదు.

పేజీలు తిప్పుతుంటే ఒకటి తట్టింది. అంతకు ముందు వారంలో రెండుసార్లు ‘చేపలు’ పద్దు ఉండేది. ఆరు రోజుల ఖాళీ తర్వాత ఆ మాట కనపడలేదు. డిసెంబరులో లేదు. సంక్రాంతికి లేదు. 1978 అంతా వేలు పెట్టి వెతికాను, లేదు. 1979 జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు, ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: ‘దివి నుంచి మనిషి వచ్చాడు. చేపలు తెచ్చాడు. డబ్బు తీసుకోలేదు. భోంచేసి వెళ్లాడు.’